చెమటోడ్చిన కారు

తారురోడ్డు మొహం చూడని ఊళ్లు ఎన్నో ఉన్న మొగిలిపేట పంచాయతీ సమితికి ఒక విలాయతి రేసుకారు ఎంతైనా అవసరమని సమితి అధ్యక్షులు శ్రీ జగదీశ్వరరావుగారు 1968 వేసవిలో గుర్తించారు. అంతవరకూ ఆ అవసరాన్ని ఎవరూ గుర్తించకపోవడం మన వెనకబాటుతనానికి నిదర్శనం.

గుర్తించిన చోటు కలకత్తా. జగదీశ్వరరావుగారి సొంతూరు మొగిలిపేటే అయినా కాపురం పలాసలో. అక్కడ ఆయనకు జీడిపప్పు బట్టీ ఉంది. పప్పు బేరం మీద కలకత్తా వెళ్లినప్పుడు, దేశం విడిచి పోతున్న ఒక జనపనార మిల్లు దొర సామానంతా అమ్మేస్తున్నాడని విని, మంచి పందిరిమంచం ఏదైనా దొరుకుతుందేమోనని వెళ్లారు. మంచాలన్నీ అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. పెరట్లో ఆకుపచ్చ కారు ఒకటి మిగిలింది. పొట్టిది, నేలను కరుచుకుని ఉన్నది, గుడ్డ కప్పుది, సీట్లు రెండే. ఆయన ఊరికే అందులో కూర్చుని స్టీరింగు పట్టుకున్నారు. యాభై దాటిన వయసులో, చక్కెర జబ్బుతో, సర్పంచుల అలకల మధ్య నలిగిపోతున్న ఆ మనిషికి గుండెలో ఎక్కడో ఏదో కదిలింది. ఇక బేరమాడలేకపోయారు. బుద్ధెరిగాక ఆయన బేరమాడకుండా కొన్న వస్తువు అదొక్కటే.

దొర తాళంచెవులతో పాటు ఒక వెడల్పాటి ఎనామెల్ పళ్లెం కూడా చేతిలో పెట్టి, ఇంగ్లీషులో ఏదో చెప్పి, జాలిగా భుజం తట్టాడు. జగదీశ్వరరావుగారికి అర్థమైనంత వరకు, ఆ పళ్లెమూ కారూ తోబుట్టువుల వంటివనీ, రెంటినీ విడదీయరాదనీ. ఇంగ్లీషువారి మర్యాదకు ఆయన కళ్లు చెమర్చాయి.

గూడ్సు బండిలో పలాస చేరిన కారును ఇంటికి తెచ్చాక భార్య కామేశ్వరి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"మనం మొత్తం ఎంతమందిమి మావా?" అని అడిగింది.

"ఏడుగురం."

"ఇందల ఇద్దరే కదా పడతారు. మిగతావోలం ఎనకాతల పరిగెట్టుకు రావాలేటి?"

"ఇది కుటుంబానికి కాదే. ప్రజలకి."

"ప్రజలు మరీ ఎక్కువమంది కదా," అని కామేశ్వరి లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి పలాస పెద్దమనుషులందరూ కారును దర్శించుకోవడానికి వచ్చారు. వచ్చిన వారికి వేయించిన జీడిపప్పూ, టీ కప్పులూ దొరగారి పళ్లెంలోనే పెట్టి ఇచ్చారు. పళ్లెం అంచున నల్లటి చారలు కొన్ని ఉన్నాయి. అవి ప్రాచీనతకు గుర్తులని బీడీఓగారు అభిప్రాయపడ్డారు. వారం రోజులు సమితి వ్యవహారాలన్నీ ఆ పళ్లెం చుట్టూనే నడిచాయి.

ఇటు పళ్లెంలో టీ నడుస్తుండగా అటు వాకిట్లో కారు కింద నల్లటి మడుగు ఒకటి పెరుగుతూ వచ్చింది. రెంటికీ సంబంధం ఉందని ముందుగా కనిపెట్టింది కామేశ్వరి. ఒక ఉదయం కప్పులన్నీ తీసి పక్కన పెట్టి, పళ్లెం పట్టుకెళ్లి కారు కిందికి తోసింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది. పైనుంచి ఒక చుక్క 'టప్' మని అందులో పడింది.

"ఇదీ దీని ఉజ్జోగం," అంది. బీడీఓగారు అందులో జీడిపప్పు తిన్న సంగతి తలుచుకుని జగదీశ్వరరావుగారు ఆ పూట అన్నం సయించక లేచిపోయారు.

పలాసలో గోవిందరావు అనే మెకానిక్కు ఉన్నాడు. 'సకల దేశాల మోటారు వైద్యం' అని బోర్డు రాయించుకున్నాడు. ఆ సకల దేశాల నుంచీ అతని దగ్గరికి అప్పటిదాకా వచ్చినవి బొగ్గు లారీలే. అతను కారు కిందికి దూరి, చాలాసేపు మాట్లాడకుండా పడుకున్నాడు. నిద్రపోయాడేమోనని కూడా అనుమానం వచ్చింది.

"ఎక్కడ కారుతోందిరా?" అని జగదీశ్వరరావుగారు వంగి అడిగారు.

"కారని సోటేదో సెప్పమంటే బేగి సెప్పీగలను బాబూ," అన్నాడు గోవిందరావు.

అతని దగ్గరున్న పానాలేవీ ఆ విలాయతి బోల్టులకు పట్టలేదు. పట్టనప్పుడు సుత్తి వాడాలన్నది అతని శాస్త్రం. సుత్తి వాడాక, కారని చోట్లు ఒకటి రెండు ఉన్నవి కూడా కారసాగాయి. అప్పుడు ఉద్దానం పడవలకు చిల్లులు పూడ్చే పద్ధతిని ఆశ్రయించి, కొబ్బరిపీచును జీడితొక్కల రసంలో ముంచి, ఇంజను సందులన్నిటా కూరాడు. దానితో నూనె ఆగలేదు సరికదా, నూనెతో పాటు జీడిరసం కూడా కారడం మొదలైంది. జీడిరసం తగిలితే చర్మం పొక్కుతుంది. కారు తుడిచే భాగ్యం కోసం పోటీపడ్డ సమితి ఆఫీసు ఉద్యోగులందరికీ చేతులు పొక్కాయి. పదిరోజులు ఎవరూ కలం పట్టలేదు. ఆఫీసు పనిలో తేడా వచ్చినట్టు మాత్రం ప్రజలెవరూ గమనించలేదు.

ఇంత జరిగినా జగదీశ్వరరావుగారికి కారు మీద కోపం రాలేదు. పొద్దున్నే కప్పు తీసేసి, ఉద్దానం వైపు తోలుకుపోయేవారు. జీడితోటల మధ్య మట్టి బాట, అవతల కొబ్బరి చెట్లు, వాటి వెనక సముద్రపు గాలి. ఆ గాలికి ఆయన ఖద్దరు కండువా జెండాలా ఎగిరేది. అధ్యక్షుడన్న సంగతి మరిచిపోయి ఈల వేసేవారు. ఎదురుగా సర్పంచు ఎవరైనా కనిపిస్తే ఈల ఆపి, మళ్లీ అధ్యక్షులయ్యేవారు.

చిక్కు మొగిలిపేట హైస్కూలు వార్షికోత్సవం నాడు వచ్చింది. కారును సరిగ్గా వేదిక ముందే నిలిపారు. విద్య ఆవశ్యకత గురించి జగదీశ్వరరావుగారు ప్రసంగిస్తున్నంతసేపూ కారు కింద మడుగు కడుతూనే ఉంది. వెనక వరసల్లో ఎవరో "కారు కారతంది" అన్నారు. అందులో తప్పేమీ లేదు, వ్యాకరణం కూడా సరిగ్గానే ఉంది. కానీ నవ్వు బయల్దేరింది. వెనక వరసల నుంచి ముందు వరసలకు పాకి, సర్పంచుల కుర్చీల దగ్గర కండువాల చాటున ఆగింది. జగదీశ్వరరావుగారికి మాట తడబడింది. బట్టీ యజమానిగా, అధ్యక్షుడుగా ఆయన ఎన్నో మాటలు పడ్డారు గానీ, నవ్వు పడటం అదే మొదలు. చెవులు వేడెక్కాయి.

అప్పుడు ప్రధానోపాధ్యాయులు భావనారాయణ మాస్టారు లేచారు. బడికి కప్పు వేయిస్తానని అధ్యక్షులవారు మాట ఇచ్చి ఉన్నారు.

"సోదరులారా, ఏమి చూసి నవ్వుతున్నారు? అది నూనె అనుకుంటున్నారా?" అన్నారు మాస్టారు గంభీరంగా. "నాయకుడు ప్రజల కోసం చెమటోడ్చడం మనం చూశాము. కానీ నాయకుని వాహనం సైతం ప్రజల కోసం చెమటోడ్చడం ఈ సమితిలో తప్ప భూమండలంలో మరెక్కడ చూడగలము? యంత్రానికే ఇంతటి ప్రజాసేవా తత్పరత అలవడినదంటే, దానిని నడిపే వారి మాట వేరే చెప్పవలెనా?"

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు నవ్వినవారే అందరికంటే గట్టిగా కొట్టారు. ఆ మర్నాటి నుంచి అధ్యక్షులవారి కారుకు పట్టేది చెమట అనీ, వేరే మాట వాడరాదనీ సమితి ఆఫీసులో నోటిమాటగా ఉత్తర్వు అయింది. బడికి కప్పు మాత్రం పడలేదు. చెమట గురించి అంత బాగా మాట్లాడిన మాస్టారికి ఎండంటే భయం ఉండదని అధ్యక్షులవారు భావించారు.

ఇక కారులో ఉన్న రెండో సీటు. సమితిలోని సర్పంచులందరూ అది తమదేనని ఎవరికి వారు అనుకున్నారు. ఎక్కిన వారు మళ్లీ ఎక్కించలేదని అలిగితే, ఎక్కని వారు అసలే ఎక్కించలేదని అలిగారు. అందరిలోకీ ఎక్కువ అలిగింది కామేశ్వరి అన్నగారు, తానూ ఒక సర్పంచే అయిన తిరుపతిరావు. రావివలస జాతరకు తీసుకెళ్లమని నోరు విడిచి అడిగితే, జగదీశ్వరరావుగారు ఆ సీట్లో కొబ్బరికాయల బస్తా పెట్టుకుని వెళ్లారు. తిరుపతిరావు అది భరించలేకపోయాడు. సమితి పాలనలో విలువలు అడుగంటాయని ప్రకటించి, అవిశ్వాస తీర్మానం పెట్టాడు.

పదవి పోతే ఏమవుతుందో జగదీశ్వరరావుగారికి తెలుసు. బట్టీ ముందు ఆగే జీపులు ఆగవు. పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీ ఉండదు. బీడీఓ దారిలో కనపడితే ఆకాశం వైపు చూస్తాడు. అందుకని సాయంత్రం పూట గుట్టుగా ఊరూరా తిరిగి, ఓటున్న సర్పంచులను ఒక్కొక్కరినీ మంచి చేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరింటికి వెళ్లారో పరమాత్ముడికి కూడా తెలియకూడదని జాగ్రత్తపడ్డారు. పరమాత్ముడి సంగతేమో గానీ తిరుపతిరావుకు తెలుస్తూనే ఉంది. బాట పొడుగునా చుక్కలున్నాయి. చుక్కలు ఆగిన చోట, వాకిట్లో, రొట్టెంత మరక ఉంది. తిరుపతిరావు పొద్దున్నే సైకిలు మీద చుక్కలు చూసుకుంటూ బయల్దేరి, మరక ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి, బావ ఇస్తానన్న దానికన్నా కొంచెం ఎక్కువ ఇస్తానని చెప్పి వచ్చేవాడు.

ఈ మాట సమితి అంతా పొక్కింది. దాంతో వాకిట్లో మరక లేని సర్పంచులకు తల కొట్టేసినట్టయింది. అధ్యక్షుడూ రాలేదు, ఆయన వెనకాల తిరుపతిరావూ రాలేదు, ఇక ఊళ్లో మొహం ఎలా ఎత్తుకోవడం? వారిలో తవిటయ్య అనే సర్పంచు తెలివైనవాడు. లారీ లోంచి తీసి పారబోసే నల్లనూనె ఒక డబ్బా సంపాదించి, సొంత వాకిట్లో సొంత చేత్తో మరక పోసుకున్నాడు. సాయంత్రానికల్లా తిరుపతిరావు సైకిలు దిగాడు. ఆ సంగతి తెలిసి అధ్యక్షులవారు కూడా పరుగున వచ్చారు. చూసినవారు ఊరుకుంటారా? వారం తిరిగేసరికి సర్పంచుల వాకిళ్లలోనే కాక, సర్పంచు కావాలనుకునే వారి వాకిళ్లలోనూ, ఏమీ కాలేని వారి వాకిళ్లలోనూ మరకలు వెలిశాయి. మరక ఉన్న ఇల్లంటే పలుకుబడి ఉన్న ఇల్లు. జలంత్రకోట నుంచి సంబంధం చూసుకోవడానికి వచ్చినవారు ముగ్గును దాటుకొచ్చి మరకను పరీక్షించేవారు. నౌపడలో లారీల నల్లనూనె దొరకడం కష్టమైపోయింది.

ఎవరు ఎవరి వైపో ఎవరికీ తెలియకుండా పోయింది. ప్రజాస్వామ్యం ఇంత పకడ్బందీగా సాగడం అరుదు.

ఈ సందడిలో కారుకు నూనె పోయడం ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూడలేదు. మొదట్లో గోవిందరావే అడపాదడపా పోసేవాడు. ఉత్తర్వు అయ్యాక అతనికి భయం పట్టుకుంది. నూనె పోస్తే, పోయింది నూనేనని ఒప్పుకున్నట్టు కదా. చెమట పట్టిన వారికి ఇవ్వవలసింది నీళ్లు గనక, రోజూ భక్తిగా రేడియేటరులో నీళ్లు పోసి దండం పెట్టేవాడు. జగదీశ్వరరావుగారు కూడా దాన్ని తప్పుపట్టలేదు. రోజుకు పదిమంది నోట వింటున్న మాట ఆయనకూ నిజమే అనిపిస్తూ వచ్చింది.

"మావా, కారికి నూని పోయిస్తన్నావా?" అని కామేశ్వరి ఒకరోజు అడిగింది. "పల్లెంలో మునపటి కాడికీ ఇప్పటికీ సగం కూడా పడ్డం నేదు."

"చెమటకి నూనె ఎందుకే?" అన్నారాయన, కండువా మడత పెట్టుకుంటూ.

కామేశ్వరి ఆయన మొహంలోకి చూసింది. తమాషాకి అనలేదని తెలిసింది.

"బయట సెప్పుకునే మాట ఇంట్లోకి తేకు మావా," అంది.

ఓటింగు రోజు వచ్చింది. పలాస నుంచి మొగిలిపేట సమితి ఆఫీసుకు కారు బయల్దేరింది. రెండో సీట్లో తవిటయ్య కూర్చున్నాడు. అతని ఓటు మీద రెండు పక్షాలకూ నమ్మకం లేదు గనక, చేతికందేలా పక్కనే పెట్టుకోవడం మంచిదని అధ్యక్షులవారు తీసుకెళ్తున్నారు. నౌపడ దాటి ఉప్పుమళ్ల మధ్యకు వచ్చేసరికి ఇంజనులోంచి, ఇత్తడి బిందెలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు పెరిగి, కీచుమని, ఒక్కసారిగా ఆగింది. కారు కూడా ఆగింది. ఎటు చూసినా తెల్లటి ఉప్పు కుప్పలు, వాటి మీద మండుతున్న ఎండ.

"దిగాలేటి బాబూ?" అని తవిటయ్య అడిగాడు.

జగదీశ్వరరావుగారు స్టీరింగు వదల్లేదు. దిగితే కారు ఆగిపోయినట్టు అవుతుంది. అందుకని ఇద్దరూ కొంతసేపు కదలని కారులో, ప్రయాణం చేస్తున్నవాళ్లలాగే, ముందుకు చూస్తూ కూర్చున్నారు. ఉప్పు ఎత్తుతున్న పైడమ్మ అనే ఆమె తట్ట దించి దగ్గరికి వచ్చింది. అధ్యక్షులవారి కారు గురించి ఆమె చాలా విన్నది. వంగి కింద చూసింది. చుక్క లేదు.

"సెమట ఆగిపోనాది బాబూ," అని సంతోషంగా చెప్పింది. "రోగం కుదిరిపోనట్టుంది."

చివరికి ఉప్పు బస్తాలతో పోతున్న ఒక ఎడ్లబండి దొరికింది. బస్తాల మీద కూర్చుని మొగిలిపేట వైపు పోతూ జగదీశ్వరరావుగారు వెనక్కి తిరిగి చూశారు. ఆకుపచ్చ కారు చిన్నదైపోతూ, ఉప్పులో రాలిన ఆకులా కనిపించింది. ఆయనకు పదవి గుర్తు రాలేదు. జీడితోటల్లో పొద్దున్నే వేసిన ఈల గుర్తొచ్చింది. డబ్బాడు నూనె పోసి ఉంటే సరిపోయేది.

"తవిటయ్యా, అది నూనేరా," అన్నారు.

తవిటయ్య వినపడనట్టు అటు తిరిగాడు. "ఎండ మా సెడ్డగుంది బాబూ. తలకి కండువా సుట్టుకోండి," అన్నాడు.

వారు వెళ్లేసరికి తీర్మానం నెగ్గింది. రెండు ఓట్లే తేడా అనీ, ఆ రెండూ నౌపడ ఉప్పుమళ్లలో కూర్చున్నాయనీ బీడీఓగారు తెలియజేసి, ఆకాశం వైపు చూశారు.

కొత్తగా ఎన్నికైన అధ్యక్షులు తిరుపతిరావుగారికి స్వాగతమూ, పాత అధ్యక్షులవారికి వీడ్కోలూ ఒకే పందిట్లో, పువ్వులు కలిసొచ్చేలా ఏర్పాటు చేశారు. జగదీశ్వరరావుగారిని రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన లేచి, అడిగినట్టే క్లుప్తంగా చెప్పారు.

"నా కారు కారింది. వచ్చిన రోజు నుంచీ కారుతూనే ఉంది. అది చెమట కాదు, నూనె. నాకు తెలుసు, మీకూ తెలుసు. నూనె పోయక ఇంజను పట్టేసింది, అంతే."

చెప్పి కూర్చున్నాక ఆయనకు ప్రాణం తేలికపడింది. అందరూ నవ్వుతారనుకున్నారు. ఈసారి నవ్వినా ఫరవాలేదనుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ముందు వరసల వారు తమ కాళ్ల వైపు చూసుకున్నారు. భావనారాయణ మాస్టారు లేచి "ఎంతటి వినయము" అని మొదలుపెట్టి, ఎవరూ అందుకోకపోవడంతో కూర్చున్నారు. పంచిన లడ్లు ముట్టకుండానే జనం వెళ్లిపోయారు.

మర్నాడు తెల్లవారేసరికి పలాసలో ఆయన వీధి అరుగు నిండా సర్పంచులు. వైరివర్గాలు రెండూ ఒకే చాప మీద కూర్చుని ఉన్నాయి. తవిటయ్య మాట్లాడాడు.

"బాబూ, మా గుంటడికి జలంత్రకోట సమ్మందం కుదిరింది. ఆల్లు మా వాకిట్లో మరక సూసే ఒప్పుకున్నారు. ఇప్పుడు తమరు అది నూనని మైకు కాడ సెప్పీసినారు. మేవు ఏ మొకంతో ఎల్లాల?"

"మీకు తెలీదా అది నూనె అని?"

"తెలుసు బాబూ. తెలవడం ఏరు, సెప్పడం ఏరు."

తిరుపతిరావు గొంతు సవరించుకున్నాడు. "నా సంగతి కూడా సూడు బావా. ఆ మరకలు సూసుకునే కదా నాను ఇంటింటికీ ఎల్లినాను. అది ఒట్టి నూనయితే నాను గెలిసినాదేటి మరి?"

జగదీశ్వరరావుగారు తల వంచుకుని కూర్చున్నారు. "ఒక్క నిజం చెప్పుకోనివ్వరా?" అన్నారు నెమ్మదిగా.

తవిటయ్యకు నిజంగానే బాధ కలిగింది. "తమరు అబద్ధం సెప్పినప్పుడు మేవు కాదన్నామా బాబూ? అందరం మోసినాం. నిజం సెప్పీటప్పుడు మాతోటి ఒక మాట అనాల కదా."

ఇంత మర్యాదగా, ఇంత న్యాయంగా ఆయననెవరూ ఎన్నడూ నిలదీయలేదు. గుమ్మంలో నిలబడ్డ కామేశ్వరి వైపు చూశారు.

"నీ ఇష్టం మావా," అంది ఆమె. "నువ్వేటి సెప్పినా కారు మాత్రం కదల్దు."

పందిరి ఇంకా విప్పలేదు. ఆ సాయంత్రమే మళ్లీ సభ చేశారు. నిన్నటి తన మాటలు ఓటమి తాలూకు మనోవ్యథలో దొర్లినవనీ, తన కారుకు పట్టింది ముమ్మాటికీ చెమటేననీ, ప్రజల కోసం చెమటోడ్చి, ఓడ్చి, ప్రాణం విడిచిందనీ జగదీశ్వరరావుగారు ప్రకటించారు. జనం లేచి నిలబడ్డారు. తవిటయ్య కళ్లు తుడుచుకున్నాడు. నిన్నటి లడ్లు కాస్త గట్టిపడ్డా, ఒక్కటి మిగల్లేదు. భావనారాయణ మాస్టారి సూచన మీద తిరుపతిరావుగారు స్వయంగా బావగారికి శాలువా కప్పి, 'సత్యవాక్పరిపాలక' అన్న బిరుదు ప్రదానం చేశారు.

ఆ సభలో ఎవరూ నవ్వలేదు. అందరూ ఎవరింటికి వారు చేరి, తలుపులు వేసుకున్నాకే నవ్వుకున్నారు. ఇప్పుడు మీకు నవ్వు వస్తోందంటే, మీరు కూడా ఇంట్లోనే ఉన్నారన్నమాట.